బిలిరుబిన్ కదలకముందే పేగు చెప్పింది: మద్యపాన కాలేయ వ్యాధిలో ఒక కేస్ స్టడీ

ఆగస్టు రెండో వారంలో, ఓపీ ముగిసే వేళకు ఆయనను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. వయసు 43. ప్రకాశం జిల్లాలో గ్రానైట్ పాలిషింగ్ పని. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. పొట్ట బిగిసి ఉంది, కాళ్లకు నీరు పట్టింది, గోళ్ల సందుల్లో ఇంకా తెల్లటి రాతిపొడి ఉంది. ఆయన భార్య చేతిలో ఒక పాలిథిన్ కవరు, అందులో పన్నెండు పేజీల రంగుల రిపోర్టు ఉంది. మూడు వారాల కిందట ఒక హెల్త్ క్యాంపులో పొట్ట ఉబ్బరానికి చేయించుకున్న ప్యాకేజీ అది. మొదటి పేజీలో పేగు బొమ్మ, దాని పక్కన జోనులిన్ (పేగు గోడ కారుతోందో లేదో చెబుతుందంటూ చేసే రక్తపరీక్ష) సాధారణ పరిధిలో ఉందని ఆకుపచ్చ టిక్కు. తొమ్మిదో పేజీలో చిన్న అక్షరాల్లో మొత్తం బిలిరుబిన్, అంటే కామెర్ల పసుపుకు కారణమైన పదార్థం, 6.2. సాధారణానికి చాలా ఎక్కువ.

"పేగు బాగానే ఉందని ఫోన్లో చెప్పారు సార్. అందుకే మేము అంతగా భయపడలేదు" అన్నారామె.

తొమ్మిదో పేజీ గురించి ఆ ఫోన్లో ఎవరూ మాట్లాడలేదు. రిపోర్టు అందాక కూడా ఆయన రెండు వారాలు తాగారు. ఈ కేసు రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ ఆకుపచ్చ టిక్కే. రోగి, ఆయన భార్య సమ్మతితో రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

చేరిన రోజు

పద్నాలుగేళ్ల అలవాటు. గత నాలుగేళ్లుగా రోజుకు రెండు క్వార్టర్లు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 61 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది, రెండు క్వార్టర్లకు 120 గ్రాములు దాటుతుంది. ఈ లెక్క రోగి ముందే కాగితం మీద వేయడం నాకు అలవాటు. "రెండు క్వార్టర్లే సార్" అన్న మాటలోని 'లే' అక్షరం గ్రాముల్లోకి మార్చాక నిలబడదు.

కామెర్లు కనిపించి నాలుగు వారాలైంది. ముందు పసరు మందు వేయించారు, దానితో పాటు కఠినమైన పథ్యం. నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు, పెరుగు కూడా లేదు. ఉప్పులేని జావ, మజ్జిగ తేట మాత్రమే. కాలేయ రోగికి అత్యవసరమైన ప్రొటీన్‌ను పథ్యం పేరుతో నాలుగు వారాలు ఆపేశారు. పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకోసారి పూర్తిగా మారిపోతుంటాయి. ఆ కొత్త కణాలు పుట్టడానికీ తిండే కావాలి.

జ్వరం 99.8. నాడి 108. రాత్రుళ్లు నిద్ర లేక, పగలు మగతగా ఉంటున్నారు. చేతులు చాచి మణికట్టు పైకెత్తమంటే వేళ్లు రెక్కల్లా కొట్టుకున్నాయి. చివరిసారి తాగింది వారం రోజుల కిందట.

బిలిరుబిన్ 14.6, కాలేయ ఎంజైములు ఏఎస్టీ 168, ఏఎల్టీ 61, జీజీటీ 412, కాలేయం తయారుచేసే ప్రొటీన్ అల్బుమిన్ 2.4, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ప్రోత్రాంబిన్ సమయం కంట్రోల్ 13 సెకన్లకు 24.5, దాని నుంచే లెక్కకట్టే ఐఎన్ఆర్ 1.9, తెల్ల రక్తకణాలు 16,800, ప్లేట్‌లెట్లు 98,000, సోడియం 129, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5. హెపటైటిస్ బి, సి రెండూ లేవు. స్కానింగ్‌లో పిత్తనాళాలకు అడ్డు లేదు. కడుపులోంచి తీసిన నీటిలో న్యూట్రోఫిల్స్ 90, అంటే ఇన్ఫెక్షన్‌కు గీత గీసే 250కి బాగా తక్కువ. రక్తం, మూత్రం కల్చర్లలో ఏమీ పెరగలేదు. ఛాతీ ఎక్స్-రే బాగుంది.

ఏఎస్టీ 400 లోపే ఉండి, ఏఎల్టీకి రెండు రెట్లు దాటడం, ఇటీవలి వరకూ తాగడం, కొత్తగా కామెర్లు రావడం, వేరే కారణం లేకపోవడం. బయాప్సీ అక్కర లేకుండానే ఇది తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్. వ్యాధి తీవ్రతను కొలిచే మాడ్రే స్కోరు 67. స్టెరాయిడ్ ఆలోచించడానికి 32 చాలు. మరో తీవ్రత స్కోరు మెల్డ్ 28.

పేగు దగ్గరకు ఎందుకు వెళ్లాను

ఇలాంటి రోగిని చూసినప్పుడు మన చూపంతా కాలేయం మీదే ఉంటుంది. కానీ మద్యం మొదట తాకేది పేగును. ఆల్కహాలు విరిగి పుట్టే అసిటాల్డిహైడ్ పేగు కణాలను ఒకదానికొకటి బిగించి ఉంచే కీళ్లను వదులు చేస్తుంది. లోపలి బాక్టీరియాల గోడ ముక్కలు, ముఖ్యంగా ఎండోటాక్సిన్, ఆ సందుల్లోంచి రక్తంలోకి జారతాయి. పేగు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయం గడప తొక్కాల్సిందే. అక్కడ కాపలా ఉండే కుఫర్ కణాలు ఎండోటాక్సిన్‌ను గుర్తుపట్టి టీఎన్ఎఫ్ వంటి వాపు కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. తెల్లకణాలు దండుగా వచ్చి పడతాయి. మన రోగిలో ఇన్ఫెక్షన్ ఎక్కడా దొరకకపోయినా కణాల సంఖ్య 16,800 ఉండటానికి ఇది ఒక కారణం.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1984లోనే లండన్ పరిశోధకులు క్రోమియం గుర్తు పెట్టిన ఈడీటీఏ అనే పదార్థం తాగించి, మద్యపానం చేసేవారి పేగు గోడ కారుతోందని ల్యాన్సెట్ వైద్య పత్రికలో చూపించారు. మానేసిన రెండు వారాల వరకూ కొందరిలో ఆ కారుడు తగ్గలేదు. 2014లో బెల్జియం పరిశోధకులు మరింత వివరంగా చూశారు. కారుడు అందరిలోనూ లేదు, ఒక భాగంలో మాత్రమే ఉంది. దాదాపు మూడు వారాలు మద్యానికి దూరంగా ఉంటే పేగు గోడ కోలుకుంది.

మా ఊరికి దగ్గరలోని ఒక వైద్య కళాశాల బయోకెమిస్ట్రీ విభాగంలో అప్పుడు పేగు దెబ్బను రక్తంలో చూపే గుర్తుల మీద పని జరుగుతోంది. మూడు పరీక్షలు చేయగలరు: ఐ-ఎఫ్‌ఏబీపీ, కరిగిన సీడీ14, ఎల్‌బీపీ. రోగి మగతలో ఉన్నందున ముందు భార్య అనుమతి తీసుకున్నాను, తెలివి తేటపడ్డాక ఆయనకూ మళ్లీ వివరించి సంతకం తీసుకున్నాను. ఈ పరీక్షల ఫలితాన్ని బట్టి మందు మార్చబోమని ఇద్దరికీ చెప్పాను. ఎండోటాక్సిన్‌నే నేరుగా కొలవవచ్చు కదా అని హౌస్ సర్జన్ అడిగారు. రక్తంలోని ప్రొటీన్లు ఆ పరీక్షకు అడ్డుపడతాయి. సూదిలోనో గొట్టంలోనో ఉన్న కాస్త మురికి కూడా లెక్క తప్పిస్తుంది. దాన్ని వదిలేశాం.

ఐ-ఎఫ్‌ఏబీపీ అన్నది పేగు కణాల లోపల కొవ్వు ఆమ్లాలను మోసే చిన్న ప్రొటీన్. కణం బాగున్నంతవరకూ అది లోపలే ఉంటుంది, కణం చితికితే రక్తంలోకి వస్తుంది. కాలేయంలో పుట్టే గుర్తు కాదు కనుక కాలేయ రోగిలో దాని మాటకు విలువ ఎక్కువ. మరో మంచి గుణం, రక్తంలో దాని ఆయువు చాలా తక్కువ. నిమిషాల్లోనే సగం మాయమవుతుంది. కాబట్టి ఇవాళ ఎక్కువ ఉందంటే పేగు ఇవాళ దెబ్బతింటోందని అర్థం, పోయిన వారం సంగతి కాదు.

మొదటి రోజు విలువ మిల్లీలీటరుకు 2,840 పీకోగ్రాములు. ఆ ల్యాబ్‌లో ఆరోగ్యవంతుల నమూనాలు 500కు అటూ ఇటూ వస్తున్నాయి. చూడగానే ఉత్సాహం కలిగింది, కానీ వెంటనే క్రియాటినిన్ 1.5 గుర్తొచ్చింది. ఈ ప్రొటీన్‌ను బయటికి పంపేది మూత్రపిండాలు. అవి మందగిస్తే పేగు బాగున్నా రక్తంలో నిల్వ పెరుగుతుంది. నీరు తీసే మాత్రలు ఆపి, అల్బుమిన్ ఎక్కించాం. మూడో రోజుకు క్రియాటినిన్ 1.0కి దిగింది. అదే ఉదయం మరో నమూనా తీసి, ఐసు పెట్టెలో పెట్టి అటెండర్‌తో బస్సులో పంపాను. ఈసారి 2,150. కొంత భాగం మూత్రపిండాల వల్లే. మిగిలినదంతా పేగుదే. ఒక్క నమూనాతో ఆగి ఉంటే ఈ తేడా నాకు తెలిసేది కాదు. క్రియాటినిన్ చూడకుండా ఐ-ఎఫ్‌ఏబీపీ రిపోర్టు చదవకూడదని నా విద్యార్థులకు అప్పటి నుంచి గట్టిగా చెబుతున్నాను.

కరిగిన సీడీ14 అదే నమూనాలో 3,900 నానోగ్రాములు, ల్యాబ్ సాధారణ విలువకు దాదాపు రెట్టింపు. ఎండోటాక్సిన్‌ను ఎదుర్కొన్న కణాలు దీన్ని వదులుతాయి. కాలేయ కణాలూ తయారుచేస్తాయి. అందువల్ల దీని మీద ఎక్కువ మాట్లాడను.

ఎనిమిదో రోజు రాత్రి

మూడో రోజున ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. ఈ వ్యాధిలో స్టెరాయిడ్‌ను పరీక్షించి 2015లో వెలువడిన స్టోపా ట్రయల్‌లో 1,103 మంది రోగులు పాల్గొన్నారు. నెల రోజుల మరణాల్లో స్టెరాయిడ్ కొంత తగ్గుదల చూపినా అది గణాంకాల గీత దాటలేదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు మాత్రం స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 13 శాతం, తీసుకోనివారిలో 7 శాతం. అదే ట్రయల్ నమూనాల్లో తర్వాత రక్తంలోని బాక్టీరియా డీఎన్ఏ కొలిచారు. అది ఎక్కువ ఉన్నవారికే స్టెరాయిడ్ మీద తొందరగా ఇన్ఫెక్షన్లు వచ్చాయి. అంటే పేగు ఎంత కారుతోందో తెలిస్తే స్టెరాయిడ్ ఎవరికి ప్రమాదమో ముందే తెలియవచ్చు. ఈ గుర్తుల మీద నాకున్న ఆశంతా ఇక్కడే ఉంది. యాంటీబయాటిక్‌ను ముందుజాగ్రత్తగా అందరికీ కలిపి ఇస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. 2023లో ఫ్రాన్స్, బెల్జియంలలో అమాక్సిసిలిన్-క్లావులనేట్ కలిపి చూశారు. రెండు నెలల బతుకులో తేడా రాలేదు.

మగతకు లాక్టులోజ్, పేగులో పనిచేసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాములు రెండు పూటలా, గ్లూకోజ్ కంటే ముందే థయామిన్ (విటమిన్ బి1). పథ్యం ఆ రోజే రద్దు. నీరు తీసేసి చూస్తే బరువు 52 కిలోలు. రోజుకు 1,800 కేలరీలు, 75 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం. ఉదయం రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పు, రాత్రి పదింటికి తప్పనిసరిగా పెరుగన్నం. కామెర్ల మనిషికి గుడ్డు పెట్టడానికి ఆయన అత్తగారు ఒప్పుకోలేదు. ఆమెను వార్డుకు పిలిపించి, నా ఎదుటే మొదటి గుడ్డు ఆమె చేత్తోనే పెట్టించాను.

ఎనిమిదో రోజు సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. ఐ-ఎఫ్‌ఏబీపీ 1,180కి తగ్గింది. కానీ ఎల్‌బీపీ 11 నుంచి 19 మైక్రోగ్రాములకు పెరిగింది. ఎల్‌బీపీ ఎండోటాక్సిన్‌ను పట్టుకుని రోగనిరోధక కణాలకు అప్పగించే ప్రొటీన్. బాక్టీరియా సరుకు ఎక్కువైతే అది పెరుగుతుందని పుస్తకం చెబుతుంది. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషిలో అది రెట్టింపుకు దగ్గరగా వచ్చిందంటే ఇన్ఫెక్షన్ తలుపు తట్టినట్టేనా? ఆ రాత్రి తొమ్మిదింటికి మళ్లీ వార్డుకు వెళ్లాను. జ్వరం లేదు. నాడి 88. కడుపు నీరు మళ్లీ తీశాను, కణాలు 70. కల్చర్లు మళ్లీ పంపాను. బాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో పెరిగే ప్రోకాల్సిటోనిన్ 0.3, చేరిన రోజున 0.4 ఉండేది.

మంచం అంచున కూర్చుని మిగతా విలువలు పక్కపక్కన రాసుకున్నప్పుడు విషయం విడిపోయింది. ఐఎన్ఆర్ 1.9 నుంచి 1.5కి వచ్చింది, విటమిన్ కె ఇచ్చినందువల్ల మాత్రమే అనుకోలేనంత మార్పు. బిలిరుబిన్ 9.8. ఎల్‌బీపీ ప్రధానంగా తయారయ్యేది కాలేయంలో. మొదటి రోజు ఎండోటాక్సిన్ భారం నిండుగా ఉన్నా, ప్రొటీన్లు తయారుచేసే శక్తి కాలేయానికి లేక ఎల్‌బీపీ 11 దగ్గర ఆగిపోయి ఉండాలి. ఎనిమిదో రోజుకు గడ్డకట్టే ప్రొటీన్లతో పాటు ఇది కూడా తయారవడం మొదలైంది. పెరిగినది ప్రమాదం కాదు, కాలేయం బలం. నా ఈ వివరణను ఒక్క రోగితో రుజువు చేయలేను. కానీ కల్చర్లు ఐదు రోజులు శుభ్రంగా ఉన్నాయి, స్టెరాయిడ్ ఆపలేదు, ఇన్ఫెక్షన్ రాలేదు. పదో రోజున లెక్కకట్టిన లిల్ స్కోరు 0.13. అది 0.45 కంటే తక్కువ ఉంటే మందు పనిచేస్తున్నట్టు.

ఆ రాత్రి ల్యాబ్ విలువ ఒక్కటే చూసి స్టెరాయిడ్ ఆపేసి ఉంటే కోలుకుంటున్న మనిషికి నేనే హాని చేసి ఉండేవాణ్ణి.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ టిక్కు సంగతి. జోనులిన్ అన్నది పేగు కణాల కీళ్లను వదులు చేసే ప్రొటీన్. 2000 సంవత్సరంలో పరిశోధకుడు అలెసియో ఫసానో బృందం దీన్ని గోధుమ ప్రొటీన్ పడని సీలియాక్ వ్యాధిలో వివరించింది. 2009లో అది హాప్టోగ్లోబిన్-2 అనే రక్త ప్రొటీన్‌కు పూర్వరూపమని తేలింది. అయితే మార్కెట్లో విరివిగా వాడే కిట్లు అసలు ఆ ప్రొటీన్‌నే పట్టుకోవడం లేదని 2018 నుంచి ఒకటికి రెండు పరిశోధనశాలలు చూపించాయి. అవి పట్టుకుంటున్న వాటిలో కాంప్లిమెంట్ సి3 వంటి ప్రొటీన్లు ఉన్నాయి. సి3ని తయారుచేసేది కూడా కాలేయమే. కాలేయం కుంగినవాడికి ఇలాంటి పరీక్ష 'సాధారణం' అని వస్తే అందులో భరోసా ఏముంది? పైగా కొంతమందిలో జన్యువుల రీత్యా హాప్టోగ్లోబిన్-2 ఉండనే ఉండదు. ఈ పరీక్షను పేగు ఆరోగ్యం పేరుతో మామూలు జనానికి అమ్మడం అన్యాయం. బిలిరుబిన్ 6.2 అన్న అంకె అదే కాగితాల్లో ఉండగా ఆ ఇంటికి భరోసా ఇవ్వడం అంతకంటే పెద్ద అన్యాయం. ఆ మూడు వారాలను తిరిగి తేలేం.

సంక్రాంతి తర్వాత

28 రోజులకు స్టెరాయిడ్ ఆపాం. నాలుగో వారంలో ఐ-ఎఫ్‌ఏబీపీ 690, మూడో నెలలో 420. ఎల్‌బీపీ 12కి, ఆపై 8కి దిగింది. సీడీ14 నింపాదిగా 2,100కి వచ్చింది. బిలిరుబిన్ 1.9, అల్బుమిన్ 3.2, ఏఎస్టీ 44. ఈ తగ్గుదలలో మద్యం మానడం ఎంత, తిండి ఎంత, రిఫాక్సిమిన్ ఎంత అని విడదీయడం కుదరదు. నా అంచనాలో మానడానిదే పెద్ద వాటా. మగత పూర్తిగా పోయాక, తాగాలన్న కోరికకు బాక్లోఫెన్ 5 మిల్లీగ్రాములు మూడు పూటలా మొదలుపెట్టాం. తెలియకుండా కూరలో కలిపే మందు ఏదైనా ఇమ్మని ఆయన భార్య అడిగారు. "వద్దమ్మా. ఆ మందు కాలేయాన్నే దెబ్బతీయగలదు. ఆయనకు తెలియకుండా ఏదీ ఇవ్వొద్దు" అని చెప్పాను.

జనవరిలో పండుగ నాలుగు రోజులూ ఆయన తాగారు. ఎవరూ లాక్కురాలేదు, తానే వచ్చారు. చివరి గుక్క పడి రెండు రోజులైంది. కళ్లు తెల్లగానే ఉన్నాయి. బిలిరుబిన్ 1.8, అంటే నవంబరు కంటే మెరుగు. క్రియాటినిన్ 0.9. ఏఎస్టీ 71. ఐ-ఎఫ్‌ఏబీపీ 1,640.

నిమిషాల ఆయువున్న ప్రొటీన్ రెండు రోజుల తర్వాత కూడా నాలుగు రెట్లు ఉందంటే, గ్లాసు కింద పెట్టాక కూడా పేగు కణాలు రాలుతూనే ఉన్నాయన్నమాట. ఎనిమిది రోజులకు బిలిరుబిన్ 3.4 అయింది. తర్వాత మెల్లగా దిగింది. ఏఎస్టీ కూడా ముందే కదిలిందని, కొత్త పరీక్ష అవసరమేమిటని ఎవరైనా అడిగితే అది సరైన ప్రశ్నే. ఏఎస్టీ చెప్పింది కాలేయం గురించి. పేగు సంగతి ఐ-ఎఫ్‌ఏబీపీ లేకపోతే నాకు కనబడేది కాదు. ఆరోగ్యవంతులు ఒక్కసారి ఎక్కువగా తాగినా గంటల్లోనే రక్తంలో ఎండోటాక్సిన్ పెరుగుతుందని తెలిసిందే. తాగుడు పేగుకు చేసే ఆ దెబ్బ నా రోగిలో, నా కళ్ల ముందు కనబడింది.

కేసు షీటు వెనక పెన్సిల్‌తో ఐ-ఎఫ్‌ఏబీపీ విలువలకు ఆరు చుక్కలు పెట్టి గీత కలిపి ఆయనకు చూపించాను. ఆగస్టులో పైన, నవంబరులో కింద, జనవరిలో మళ్లీ పైన. ఆయన చాలాసేపు చూశారు.

"పాలిష్ రాయిలో వెంట్రుక పగులు మామూలుగా కనపడదు సార్. నీళ్లు చల్లి ఆరనిస్తాం. అంతా ఆరినా పగులు దగ్గర తడి గీత మిగులుతుంది. ఈ రక్తం పరీక్ష అలాంటిదేనా?"

అలాంటిదేనన్నాను. ఆ రోజు నుంచి వచ్చినప్పుడల్లా "గీత ఎక్కడుంది సార్" అని అడుగుతారు. తాగారా అని నేను అడగాల్సిన అవసరం తగ్గింది. తాగిన రోజు వస్తే ఆయనే చెబుతారన్న నమ్మకం కుదిరింది.

ఫిబ్రవరిలో ఎండోస్కోపీలో ఆహారనాళంలో చిన్న వేరికోస్ (ఉబ్బిన) సిరలు కనిపించాయి. వాటిలో ఒత్తిడి తగ్గించే బీటా బ్లాకర్ మొదలైంది. బరువు 57 కిలోలు. పాలిషింగ్ యంత్రం మానేసి రాళ్ల లోడింగ్ లెక్కలు రాసే పనికి మారారు. ఏప్రిల్‌లో బిలిరుబిన్ 1.4. అప్పటికి కళాశాలలో కిట్లు అయిపోయాయి. ఆ రోజు తీసిన రెండు గొట్టాలు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి. కొత్త కిట్ వచ్చాక పాత నమూనాల మిగులుతో కలిపి అన్నింటినీ ఒకే ప్లేటు మీద మళ్లీ కొలుస్తామని ల్యాబ్ వారు చెప్పారు. జూన్‌లో ఆయన తిరిగి రావాలి.